సెల్ఫీని కుడుతున్నావా? ముందు దారాలు నీ చేతి మీద పెట్టి చూడు

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న తన సెల్ఫీని క్రాస్ స్టిచ్‌లో, అంటే ఒక్కో గడిలో ఇంటూ గుర్తులా వేసే కుట్టులో, కుడదామనుకుంది. ఫోటోను ఒక యాప్‌లో వేస్తే గళ్ల నమూనా వచ్చింది కానీ 92 రంగులు అడుగుతోంది. బుగ్గ వరకు కుట్టి చూస్తే చర్మం గులాబీ రంగులో వచ్చింది. "అది నేను కాదు అనిపిస్తోంది. పోనీ ఫిల్టర్ లేని ఫోటో కుడదామంటే అది నాకు నచ్చదు. ఏది కుట్టాలి? దీన్ని ఎవరైనా కళ అంటారా? మా అమ్మమ్మ అయితే మనిషి ముఖం మీద సూది గుచ్చకూడదంటోంది" అని రాసింది.

తల్లీ, మాది బరంపురం. ముప్పై ఏళ్లుగా ఎంబ్రాయిడరీ చేస్తున్నాను, నేర్పుతున్నాను. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు గులాబీ రంగు సంగతి చూద్దాం. నీ ప్రశ్నలో అసలు విషయం అదే. నువ్వు కుట్టడంలో తప్పేమీ లేదు. చాలా ఫోన్లలో ముందు కెమెరాకి బ్యూటీ మోడ్ మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. అది ముఖాన్ని కాస్త తెల్లబరుస్తుంది, మచ్చలు చెరిపేస్తుంది. దాని మీద నువ్వు ఫిల్టర్ వేశావు. తర్వాత యాప్ ఆ ఫోటోలో ఉన్న వేల రంగుల్ని తగ్గించి, ఒక్కో రంగుకి దగ్గరగా ఉన్న దారాన్ని వెతికింది. అంటే నీ రంగు నీ దగ్గర బయలుదేరి గుడ్డ దాకా వచ్చేసరికి మూడు చేతులు మారింది. తెర మీద మన కళ్లు దానికి అలవాటు పడిపోయాయి, అందుకే అక్కడ తేడా తెలియలేదు. గుడ్డ నీ ఒళ్లో, నీ చేతి పక్కన ఉంది కాబట్టి ఇక్కడ తెలిసింది.

అందుకని దారం ఫోన్ చూసి ఎంచుకోకు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వరండాలో ఎండ నేరుగా పడని చోట కూర్చో. ట్యూబ్‌లైటు కింద వద్దు, ఎల్ఈడీ బల్బు కింద అసలే వద్దు. గోధుమ, బెల్లం, ఇటుక, చింతపండు రంగుల్లో పదో పన్నెండో దారం చిలపలు తీసుకుని ముంజేతి మీద అడ్డంగా పరుచు. కళ్లు సగం మూసి చూడు. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోయిన దారమే నీ అసలు రంగు. ముంజేతి లోపలి వైపు పెట్టి చూసి వెలుగు రంగు తీసుకో, మెడ పక్కన పెట్టి నీడ రంగు తీసుకో. మధ్య ఛాయల కోసం వేరే చిలపలు కొనక్కర్లేదు. క్రాస్ స్టిచ్‌కి సూదిలో రెండు పోగులు ఎక్కిస్తాం కదా, ఒక పోగు ఈ రంగుది, ఒక పోగు ఆ రంగుది కలిపి ఎక్కించు. మూడు చిలపలతో ఐదారు ఛాయలు వస్తాయి.

నా దగ్గర నేర్చుకునే పిల్లలతో ఈ పని చేయిస్తుంటాను. చాలామంది మొదట తీసే దారం వాళ్ల రంగు కంటే రెండు మెట్లు తెల్లగా ఉంటుంది. నేనేమీ అనను. చేతి మీద పెట్టి చూడమంటాను. కాసేపు చూసి వాళ్లే మార్చుకుంటారు. ఆ కాసేపు గదిలో ఎవరూ మాట్లాడరు.

ఇందులో నా కథ కూడా ఉంది. 1988లో నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు ఒక స్టూడియోలో ఫోటో తీయించారు. ఆ రోజుల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్ది ముఖాన్ని తెల్లగా, నున్నగా చేసేవాళ్లు. ఎవరూ నన్ను అడగలేదు. ఫోటో వచ్చాక చూస్తే నా బుగ్గ మీది పుట్టుమచ్చ లేదు. పెళ్లిచూపులకి వచ్చిన పెద్దావిడ నన్ను చూసి, చేతిలో ఉన్న ఫోటో చూసి, "ఫోటోలో ఇంకాస్త రంగు ఉంది" అంది. అదే రోజు మా అమ్మ నేను కుట్టిన టేబుల్ క్లాత్ కూడా చూపించింది. ఆవిడ దాన్ని తీసుకుని వెంటనే వెనక్కి తిప్పింది. ముడులు చూసి, దారాలు ఎలా దాటించానో చూసి, "ఇది పిల్ల కుట్టిందే" అని పక్కామెతో చెప్పింది. గుడ్డని తిప్పి చూస్తే నిజం తెలుస్తుంది. ఫోటోకి అలా తిప్పి చూసే వెనక లేదు. నువ్వు అడిగిన ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ రోజే. మన ఇళ్లలో ముందుగదిలో చిలకల బొమ్మలూ స్వాగతం అక్షరాలూ కుట్టి అద్దం ఫ్రేముల్లో వేలాడదీసింది దేనికనుకున్నావు? వచ్చినవాళ్లు చూసి, ఈ ఇంటి ఆడపిల్ల ఇలాంటిది అనుకోవడానికి. కుట్టుకి ఈ పని కొత్త కాదు.

ఇక ఏ ఫోటో కుట్టాలి? చాలామంది చెప్పే సలహా ఒకటుంది, ఫిల్టర్ ముఖం ఒక పక్క, అసలు ముఖం ఒక పక్క పెట్టమని. నాకు అది నచ్చదు. చూసినవాళ్లకి ఒక్క క్షణంలో అర్థమైపోతుంది, రెండో క్షణం నిలబడరు. నా మాట విని ఒక చిన్న ముక్క మీద ఇది ప్రయత్నించు. ఇప్పటికే గులాబీ రంగులో కుట్టిన బుగ్గని విప్పకు. దాని మీదే నీ చేతి మీద ఎంచుకున్న రంగుతో సగం క్రాస్, అంటే ఒక్క ఏటవాలు గీత మాత్రమే వేస్తూ పో. అడుగున ఉన్న గులాబీ సందుల్లోంచి కనిపిస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల పూర్తి క్రాస్ వేసి దాన్ని కప్పెయ్యి. కొన్నిచోట్ల వదిలెయ్యి. ఎక్కడ కప్పాలి, ఎక్కడ వదలాలి అన్నది నువ్వు మాత్రమే తేల్చుకోగల సంగతి. మెడ, చెవుల దగ్గర మొదలుపెడితే మంచిది, ఫిల్టర్లు కూడా తరచుగా అక్కడిదాకా సరిగ్గా రావు. ఫిల్టర్‌ని మనం ముఖం మీద పొర అనుకుంటాం. గుడ్డ మీద దాన్నే అడుగు పొర చేసి, నీ రంగుని పైకి తేవచ్చు. ఇక మిగతా గళ్లలో కింద గులాబీ ఒక్క పోగుతోనే వెయ్యి, లేకపోతే గుడ్డ దళసరి అయిపోయి సూది దిగదు.

92 రంగులు మాత్రం వద్దు. పదహారు, పద్దెనిమిది చాలు. యాప్‌లో రంగుల సంఖ్య తగ్గించే చోటు ఉంటుంది, అక్కడ మార్చు. జుట్టుకి 20 రకాల నలుపులు ఇస్తుంది, కుట్టాక అవన్నీ ఒకేలా కనిపిస్తాయి.

సైజు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది సగంలో వదిలేస్తారు. ఇన్‌స్టాగ్రామ్ ఫోటో వెడల్పు 1,080 పిక్సెళ్లు. చదరపు ఫోటోలో ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో కుట్టు వేస్తే 11,66,400 కుట్లు. అంగుళానికి 14 గళ్లున్న మ్యాటీ క్లాత్ మీద అది ఆరడుగులు దాటిపోతుంది. నేను గంటకి సుమారు 150 క్రాసులు వేస్తాను. రోజుకి మూడు గంటలు కూర్చున్నా ఏడేళ్లు. అదే ఫోటోని నిలువుగా కత్తిరించి 100 గళ్ల వెడల్పు, 125 గళ్ల ఎత్తుకి తగ్గిస్తే 12,500 కుట్లు. ఏడంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు. రోజుకి రెండు గంటల చొప్పున ఆరు వారాల పని. మొదటిసారికి ఇంతకంటే పెద్దది పెట్టుకోకు. గుడ్డ కొనేటప్పుడు అంగుళానికి ఎన్ని గళ్లో టేపు పెట్టి అక్కడే లెక్కపెట్టు, తాను తానుకీ తేడా ఉంటుంది.

గళ్లు తగ్గించగానే దవడ గీత మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. దానికి కంగారు పడకు. మా నాన్న బరంపురం పట్టు నేసేవారు. 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర అది, అంచుల్లో గుడి గోపురాల్లా కుంభాలు ఉంటాయి. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి నింపుతూ నమూనా వేసేవారు. ఏటవాలు గీత ఏదైనా మగ్గం మీద మెట్లే అవుతుంది, మెట్లు సమానంగా దిగితే కంటికి గీతలా కనిపిస్తుంది, ఒక్క మెట్టు పొడుగైతే విరిగినట్టు కనిపిస్తుంది అని చెప్పేవారు. పిక్సెల్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆయన గ్రాఫ్ కాగితమే గుర్తొస్తుంది. యాప్ ఇచ్చిన నమూనాని కాగితం మీద ప్రింటు తీసుకుని, దవడ, ముక్కు, పెదవుల దగ్గర మెట్లు నువ్వే పెన్సిలుతో సరిచెయ్యి. యాప్‌కి ఆ మెట్లు ఎక్కడ విరిగాయో తెలియదు.

కళ అంటారా అని అడిగావు. అంటున్నారు, చాలాకాలంగా. అమెరికాలో డయాన్ మేయర్ అనే ఫోటోగ్రాఫర్ తన ఫోటోల మీదే క్రాస్ స్టిచ్ వేస్తుంది. కుటుంబం ఫోటోల్లో కొంత భాగం దారపు గళ్లతో కప్పేస్తుంది, దూరం నుంచి చూస్తే డిజిటల్ ఫోటో చెదిరి గళ్లుగా విడిపోయినట్టు ఉంటుంది. పాత బెర్లిన్ గోడ ఉన్న దారి పొడుగునా తీసిన ఫోటోల మీద కూడా అలాగే చేసింది. కేసీ జవాగ్లియా తన ఇంటివాళ్ల ముఖాలు కుట్టి, వెనక వైపు ముడులూ దారాలూ కూడా చూసేవాళ్ల ముందు పెడుతుంది. పెళ్లిచూపుల్లో ఆ పెద్దావిడ తిప్పి చూసిందని చెప్పానే, అదే వెనక. ఎరిన్ రైలీ తన సెల్ఫీలని మగ్గం మీద ఉన్నితో నేస్తుంది. ఇది కుట్టు కాదు, నేత. కానీ ఫోన్‌లో రెండు సెకన్లలో తీసిన బొమ్మ మీద వారాల తరబడి కూర్చోవడం అన్నది రెండింటికీ ఒకటే. డయానా వేమార్ 2018 జనవరి 8న తన బామ్మ సగంలో వదిలేసిన పాత కుట్టుగుడ్డ మీద ట్రంప్ ట్వీట్‌లోని మాటలు కుట్టింది. తర్వాత చాలామంది కలిసి అలాంటివి వేలల్లో కుట్టారు. ఇంత దూరం ఎందుకు, హైదరాబాదులో ఉన్న వరుణికా సరాఫ్ స్వాతంత్ర్యం తర్వాతి మన దేశచరిత్రని 76 కుట్టుపటాలుగా కుట్టింది. ఫోన్‌లో ఈ పేర్లు వెతికి చూడు. చూసేటప్పుడు బొమ్మ ఎంత అచ్చం వచ్చిందని కాకుండా, వాళ్లు ఎక్కడ కుట్టారు, ఎక్కడ కుట్టకుండా వదిలారు అన్నది చూడు.

నువ్వు ఉన్నది రాయగడ జిల్లా కాబట్టి ఇంకో మాట. మీ నియమగిరి కొండల్లో డొంగరియా కొంధ్ ఆదివాసీ ఆడవాళ్లు కుట్టే కప్డాగండా శాలువా నువ్వు చూసే ఉంటావు. తెల్లటి మందపు గుడ్డ మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దారాలతో కొండల్లా త్రికోణాలు, గీతలు. ఇష్టమైనవాళ్లకి, అన్నదమ్ములకి కానుకగా కుడతారు. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తమది ఏ కొండో, తాము ఎవరో గుడ్డ మీద చెప్పుకోవడంలో వాళ్లు మనకంటే చాలా ముందున్నారు. వెళ్లి చూడు, కూర్చుని నేర్చుకో. కానీ నీ సెల్ఫీ చుట్టూ అందంగా ఉంటుందని ఆ త్రికోణాలు తెచ్చి అంచు వెయ్యకు. అది వాళ్ల ముఖం.

ముఖాల గురించి కాబట్టి నేను చేసిన ఒక పని చెప్తాను. మూడేళ్ల క్రితం మా వీధి ఆడవాళ్ల వాట్సాప్ డీపీలు కుట్టాను. డీపీ గుండ్రం, ఎంబ్రాయిడరీ రింగు గుండ్రం, నాలుగంగుళాల రింగులో సరిగ్గా కూర్చుంది. పద్నాలుగు మంది. అయిదుగురివి దేవుళ్లు, అందులో రెండు జగన్నాథుడి కళ్లు. నలుగురివి పిల్లల ఫోటోలు. ముగ్గురివి పువ్వులు. ఒకామెది భర్త ఫోటో. సొంత ముఖం పెట్టుకున్నది ఒక్కరే, చేపలమ్మే డెబ్బై ఏళ్ల పెద్దావిడ, మనవడు పెట్టిచ్చాడట. గులాబీ పువ్వు పెట్టుకున్న ఒకామెని ఎందుకని అడిగాను. మన ముఖం ఎవరైనా తీసుకుని ఏదైనా చేస్తారని భయం అంది. ఆ గులాబీ కుడుతున్నన్నాళ్లూ సాయంత్రాలు వచ్చి పక్కన కూర్చునేది. అయిపోయే రోజు, గుడ్డకి వెనక వైపు తన పేరు కుట్టమని అడిగింది. కుట్టాను. ముందు నుంచి కనిపించదు.

ఆ పద్నాలుగు మందినీ ఒక్కొక్కరిని అడిగే కుట్టాను. అంతకుముందు ఒకసారి అడగకుండా చేసి ఒక పిల్లని ఏడిపించాను కాబట్టి. మా పక్కింటి పిల్ల స్టేటస్‌లో పెట్టిన ఫోటో చూసి ముచ్చటపడి కుట్టాను, ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఆ పిల్లకి అప్పుడే పెళ్లి కుదిరింది. అటువైపు వాళ్లు చూసి, ఈ ఫోటో బయటికి ఎలా వచ్చింది, ఎవరికి పంపింది అని రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు. నేను పోస్టు తీసేసి, గుడ్డ ఆ పిల్ల చేతికే ఇచ్చేశాను. నువ్వు నీ ఫోటోయే కుడుతున్నావు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ వెనకాల స్నేహితులు ఉన్న సెల్ఫీ అయితే వాళ్లని అడుగు, లేదా వాళ్ల ముఖాల చోట గుడ్డని ఖాళీగా వదిలెయ్యి.

బొమ్మ కింద వచ్చిన కామెంట్లు కూడా కుట్టాలనుకుంటే మంచి ఆలోచనే. మన ఒడిశాలో గుడ్డ మీద అక్షరాలు పాత సంగతి, జగన్నాథుడికి సమర్పించే ఖండువా పట్టులో గీతగోవిందం శ్లోకాలు నేస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకో. తెలుగు అక్షరాలూ ఒడియా అక్షరాలూ రెండూ గుండ్రం, వాటిని గళ్లలో క్రాస్ స్టిచ్ వేస్తే విరిగిపోయి చదవడానికి రావు. కాడ కుట్టు వెయ్యి, వంపు దగ్గర కుట్టు పొడవు సగానికి తగ్గించు. అక్షరాలు గుడ్డ మీదికి దించడానికి మన మగ్గం వర్క్ వాళ్ల పద్ధతి చాలు: ట్రేసింగ్ కాగితం మీద రాసి, గీత వెంట సూదితో కన్నాలు పెట్టి, కిరసనాయిల్లో కలిపిన పొడితో పైన రుద్దడం. మ్యాటీ క్లాత్ మీద ముందు చిన్న ముక్కలో చూసుకో, మరక ఉండిపోతే కష్టం. ఎర్ర దారం వాడితే ముందు తడి తెల్లగుడ్డలో చుట్టి ఉంచి రంగు దిగుతుందేమో చూడు. రాత్రి రింగు విప్పేసి పడుకో. మాకు సముద్రగాలి, మీకు వంశధార తేమ, సూది గుడ్డలో వదిలేస్తే వారంలో తుప్పు మచ్చ పడుతుంది.

అయిపోయాక ఎలాగూ ఫోటో తీసి పోస్టు చేస్తావు. చెయ్యి. కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా తియ్యి, అప్పుడే కుట్టు ఎత్తు కనిపిస్తుంది. తీసే ముందు బ్యూటీ మోడ్ ఆపెయ్యి. నువ్వు కుట్టిన ముఖాన్ని కూడా ఫోన్ ముఖమే అనుకుని, ఆరు వారాలు వేసిన దారాల్ని నున్నగా చేసి తెల్లబరిచేస్తుంది. నాకు అలా జరిగింది.

చివరిగా మీ అమ్మమ్మ మాట. ఆవిడతో వాదించకు. ఉన్న ఫోటోకి సూది గుచ్చితే ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ పెద్దవాళ్లు ఒప్పుకోరు. కానీ నువ్వు గుచ్చుతున్నది ఖాళీ గుడ్డకి. అక్కడ ముందు ఏ ముఖమూ లేదు, సూది నడిచినకొద్దీ వస్తోంది. ఆ మాట చెప్పి ఆవిడని పక్కన కూర్చోబెట్టుకో. చిలపలన్నీ ఆవిడ ముందు పెట్టి, నీ చెయ్యి ఆవిడ ఒళ్లో పెట్టి, "నా రంగు ఏదో నువ్వే తియ్యి" అని అడుగు. నువ్వు పుట్టినప్పుడు నలుగు పెట్టి నీళ్లు పోసిన చేతులు కదా అవి. ఏ దారం తీసిందో నాకు రాయి.